స్కై దీవిలో వేసవి క్యాంపింగ్: గాలిని చూసి టెంటు వేయండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కూకట్‌పల్లి నుంచి మీరిద్దరూ జూన్ చివర్లో గ్లాస్గోలో చదువుకుంటున్న అబ్బాయి దగ్గరికి వెళ్తున్నారు. అక్కడి నుంచి ముగ్గురూ కారులో స్కాట్లాండ్ పడమటి తీరంలోని స్కై దీవికి వెళ్ళి, ఆరు రాత్రులు టెంటులో ఉండాలనుకుంటున్నారు. రోజుకో చోట మకాం వేస్తూ దీవి మొత్తం చుట్టి రావాలని ప్లాను. టెంటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా, మన వంట కుదురుతుందా, మీవారికి మోకాళ్ళ నొప్పి కాబట్టి ఏవేవి చూడగలరు అని అడిగారు.

ముందు ఆ ప్లాను మార్చుకోండి. ఆరు రాత్రులకు ఆరు మకాంలు వద్దు, రెండు చాలు. దీవి పొడవు 80 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది కానీ, చుట్టూ తిరిగొచ్చే రింగు రోడ్డు లేదు. చేతివేళ్ళు చాపినట్టు నేల సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. చాలాచోట్ల ఒక వేలి కొసదాకా వెళ్తే మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకో వేలు పట్టుకోవాలి. పైగా రోజూ టెంటు విప్పి, మడిచి, ఇంకోచోట వేయాలంటే పొద్దున గంటన్నర, సాయంత్రం గంట పోతుంది. తడి టెంటు మడిచి సంచిలో కుక్కితే రాత్రికి లోపలి గుడ్డ కూడా తడిసి ఉంటుంది. మూడో రోజుకు అందరికీ విసుగొస్తుంది.

అసలు విషయం గాలి. స్కైలో వేసవి క్యాంపింగ్ చెడిపోయేది చలి వల్ల కాదు. వానకు కూడా మంచి టెంటు ఉంటే సరిపోతుంది. గాలి ఎక్కువైతే టెంటు నిలవదు, గాలి పూర్తిగా ఆగితే మిడ్జ్ అనే నుసుములు బయట నిలబడనివ్వవు. ఎక్కడ మకాం వేయాలి, ఏ పూట ఏం చూడాలి, ఎన్నింటికి వండాలి అన్నీ గాలినిబట్టే తేల్చుకోవాలి.

వాతావరణం సంగతి: జూన్ చివర పగలు 15 నుంచి 17 డిగ్రీలు, రాత్రి 8 నుంచి 10 డిగ్రీలు. మన జనవరి తెల్లవారుజాము చలి అక్కడ నడిమధ్యాహ్నం ఉంటుందన్నమాట. సూర్యుడు రాత్రి దాదాపు 10:25కి అస్తమించి 4:30కల్లా వచ్చేస్తాడు. మధ్యలో కూడా పూర్తి చీకటి పడదు. నిద్రకు కళ్ళగంతలు తప్పనిసరిగా పెట్టుకోండి. టార్చి కంటే అవే ఎక్కువ పనికొస్తాయి. జులై, ఆగస్టు కంటే మే, జూన్ నెలల్లో వాన తక్కువ, కాబట్టి మీరు ఎంచుకున్న సమయం బాగుంది. అయితే స్కాట్లాండ్ బడి సెలవులు జూన్ ఆఖర్లోనే మొదలవుతాయి. క్యాంప్‌సైట్లు ఇప్పుడే బుక్ చేసుకోండి.

నుసుముల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దోమల అనుభవం అక్కడ పనిచేయదు. మిడ్జ్ పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు. కుట్టేది ఆడదే. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ పసిగట్టి వస్తుంది, వచ్చినది మిగతావాటినీ పిలుస్తుంది. నిమిషాల్లో మబ్బులా కమ్మేస్తాయి. మబ్బు పట్టి, తేమగా, గాలి ఆడని పొద్దున, సాయంత్రం వాటి సమయం. గాలి గంటకు 11 కిలోమీటర్లు దాటితే ఎగరలేవు. చురుక్కుమనే ఎండ కూడా వాటికి పడదు. అందుకే టెంటు స్థలం చూసేటప్పుడు మనం సహజంగా ఇష్టపడే చోటు, అంటే చెట్ల చాటున, వాగు పక్కన, గుంటలో ఉన్న ప్రశాంతమైన చోటు, అక్కడ అన్నిటికంటే చెడ్డది. కాస్త ఎత్తుగా, సముద్రం వైపు తెరిచి ఉండి, మెడ మీద చిరుగాలి తగులుతూ ఉండే చోటు వెతకండి.

ఇక్కడ దొరికే మామూలు దోమతెర కన్నాల్లోంచి ఇవి నేరుగా దూరిపోతాయి. ముఖానికి వేసుకునే వల ‘మిడ్జ్ నెట్’ అని అడిగి అక్కడే కొనండి. దాన్ని అంచు వెడల్పున్న టోపీ మీద వేసుకోవాలి. వల చెంపకు ఆనితే దాని మీద వాలి కుట్టేస్తాయి. లేత రంగు బట్టలు, పూర్తి చేతులు, ప్యాంటు అంచు సాక్సు లోపలికి. ఒంటికి రాసుకోవడానికి పికారిడిన్ ఉన్న మందు తీసుకోండి, స్మిడ్జ్ అనే పేరుతో అక్కడ ప్రతి కొట్లో ఉంటుంది. టెంటులో లైటు ఆర్పాకే జిప్పు తీయాలి, ఒక్కరు దూరగానే మూసేయాలి. గాలి ఆగిపోయిన సాయంత్రం బయట కూర్చుని తినడానికి ప్రయత్నించకండి. ప్లేటు పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ తినండి. కదిలే మనిషి మీద అవి సరిగా వాలలేవు.

ఇక టెంటు. ఇక్కడ చవగ్గా దొరికే గుండ్రటి టెంట్లలో చాలావాటికి ఒకటే పొర, పైన టోపీలాంటి చిన్న వాన గుడ్డ ఉంటాయి. అనంతగిరిలో ఒక రాత్రికి అవి సరిపోతాయి. స్కైలో వాన పైనుంచి కాకుండా పక్కనుంచి కొడుతుంది. ఆ చిన్న గుడ్డ కిందుగా నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి. ఒకటే పొర కాబట్టి మీ ఊపిరి ఆవిరి కూడా లోపలి వైపు చెమ్మగా పట్టి, తెల్లారేసరికి పక్కమీద చుక్కలు చుక్కలుగా రాలుతుంది. జనం దీన్ని చూసి టెంటు కారుతోందనుకుంటారు. మీకు కావలసింది రెండు పొరల టెంటు: బయటి పొర నేల అంచుదాకా దిగాలి, వాటర్‌ప్రూఫ్ రేటింగు (గుడ్డ ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపుతుందో చెప్పే అంకె) 3000 మిల్లీమీటర్లు ఉండాలి, కడ్డీలు అల్యూమినియంవి అయితే మేలు. ఫైబర్ కడ్డీలు గాలికి వంగి వంగి అతుకుల దగ్గర చీలిపోతాయి. ముగ్గురికి ‘నలుగురి టెంటు’ తీసుకోండి. కంపెనీలు చెప్పే సంఖ్యలో సామాను లెక్కలోకి రాదు. ముందు వరండాలాంటి భాగం ఉంటే తడి బూట్లు, కోట్లు అక్కడ ఆగిపోతాయి. ఇలాంటి టెంటు 6 నుంచి 8 కిలోలు తూగుతుంది. దాన్ని విమానంలో మోయడం దండగ. డెకాథ్లాన్ గ్లాస్గోలో కూడా ఉంది. అబ్బాయిని కొనిపెట్టమని, మీరు వెళ్ళేలోపు ఏ పార్కులోనో ఒకసారి వేసి చూడమని చెప్పండి. మొదటిసారి వేయడం వానలో కాకూడదు.

వేసేటప్పుడు వరస ఇది. గాలి ఎటునుంచి వస్తోందో గుప్పెడు గడ్డి ఎగరేసి చూడండి. టెంటు సన్నటి, పొట్టి వైపు గాలికి ఎదురుగా, తలుపు గాలికి వెనక్కి రావాలి. గాలి వైపు మేకులు ముందు కొట్టాకే కడ్డీలు లేపాలి, లేకపోతే గాలికి పడగ విప్పినట్టు లేచి చేతుల్లోంచి జారిపోతుంది. మేకు తల టెంటుకు దూరంగా వాలేట్టు 45 డిగ్రీల వాలులో కొట్టండి. టెంటుతో వచ్చే సన్నటి తీగ మేకులు అక్కడి మెత్తటి పీటు నేలలో (కుళ్ళిన మొక్కలు పేరుకున్న నేల) పట్టు నిలవవు, రాతి నేలలో వంగిపోతాయి. ‘వై’ ఆకారపు పొడవాటి అల్యూమినియం మేకులు ఓ డజను విడిగా కొనుక్కోండి. సాయంత్రం గాలి లేకపోయినా తాళ్ళన్నీ కట్టేయండి. నడిరాత్రి గాలి లేచాక వానలో కట్టాల్సి వస్తే చాలా కష్టం. పొద్దున ఒకసారి తాళ్ళు బిగించాలి కూడా. తడిసిన గుడ్డ సాగి వదులవుతుంది, వదులైన గుడ్డ కొట్టుకుని చిరుగుతుంది.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు అంకెలు ఉంటాయి. ‘ఎక్స్‌ట్రీమ్’ అన్నది వదిలేసి ‘కంఫర్ట్’ అన్నది మాత్రమే చూడండి. అది 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉండాలి. మీ వయసుకు అంతకంటే ముఖ్యమైనది కింద పరిచే మ్యాటు. ఒంటి వేడిని తడినేల లాగేస్తుంది. బరువుకు నలిగిన బ్యాగు అడుగు భాగం ఆ చలిని ఆపలేదు. ఆర్ వాల్యూ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 3కు తగ్గని గాలి మ్యాటు తీసుకుంటే మీవారి మోకాళ్ళకు, నడుముకు కూడా సుఖం.

మకాంలు రెండు అన్నాను కదా. మొదటి మూడు రాత్రులు ఉత్తరాన ట్రాటర్నిష్ ద్వీపకల్పంలో, స్టాఫిన్ క్యాంప్‌సైట్ గానీ దీవిలోని పెద్ద ఊరు పోర్ట్రీ పక్కన టార్వెయిగ్ గానీ. తర్వాతి మూడు దక్షిణాన, గ్లెన్‌బ్రిటిల్ గానీ బ్రాడ్‌ఫోర్డ్ గానీ. గ్లెన్‌బ్రిటిల్ అందం వేరు: ముందు సముద్రపు ఒడ్డు, వెనక కూలిన్ కొండలు. సముద్రపు గాలి ఉంటుంది కాబట్టి నుసుములకు కొంత ఊరట. కానీ ఆ కొండలు మబ్బుల్ని ఆపి వాన కురిపిస్తాయి. అక్కడి ప్రధానమైన గాలి నైరుతి నుంచి వస్తుంది. అది గట్టిగా వీస్తుంటే గ్లెన్‌బ్రిటిల్ నేరుగా దెబ్బ తింటుంది, తూర్పున స్టాఫిన్‌కు నడిమి కొండల చాటు దొరుకుతుంది. మీవారికి మరుగుదొడ్డి దగ్గరగా, నేల చదునుగా ఉండటం ముఖ్యమైతే బ్రాడ్‌ఫోర్డే నయం. అక్కడ ఆసుపత్రి, సూపర్‌మార్కెట్, పెట్రోలు బంకు అన్నీ ఉన్నాయి. స్లిగచాన్ క్యాంప్‌సైట్ ఫొటోల్లో చాలా బాగుంటుంది కానీ బురద నేల, నుసుములు ఎక్కువ. మీకు నేను చెప్పను.

క్యాంప్‌సైట్ బయట ఎక్కడైనా టెంటు వేయొచ్చా అంటే, స్కాట్లాండ్‌లో వేయొచ్చు. 2003 నాటి భూసంస్కరణ చట్టం ఆ హక్కు ఇచ్చింది. కొద్దిమంది, చిన్న టెంటు, ఒకచోట రెండు మూడు రాత్రులకు మించకుండా, ఇళ్ళకీ రోడ్లకీ పంట పొలాలకీ దూరంగా అన్నది పద్ధతి. ఈ హక్కు మోటారు బండి లేకుండా, నడిచో సైకిలు మీదో వెళ్ళేవాళ్ళకే, కారులో పడుకునేవాళ్ళకు కాదు. మలవిసర్జన నీటికి కనీసం 30 మీటర్ల దూరంలో గుంట తీసి పూడ్చాలి. నిప్పు నేలమీద వేయకూడదు: పీటు అంటే వేల ఏళ్ళుగా కుళ్ళి పేరుకున్న మొక్కల పొర, పైన ఆరిపోయినట్టు కనిపించినా లోపల రోజుల తరబడి రాజుకుంటుంది. ఒక జాగ్రత్త: గ్లాస్గో నుంచి వెళ్ళే దారిలో వచ్చే లాక్ లొమండ్ సరస్సు ఒడ్డున చాలా భాగంలో మార్చి నుంచి సెప్టెంబరు దాకా పర్మిట్ లేకుండా టెంటు వేయకూడదు.

వంట తప్పకుండా కుదురుతుంది. గ్యాస్ డబ్బాలు విమానంలో ఏ సంచిలోనూ పెట్టకూడదు. మర తిప్పి బిగించే డబ్బా, దానికి సరిపడే పొయ్యి, గాలికి అడ్డుపెట్టే రేకు గ్లాస్గోలోనే తీసుకోండి. అయితే రేకును డబ్బా చుట్టూ మూసినట్టు కట్టకండి, డబ్బా వేడెక్కి ప్రమాదం. గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డం ఉండాలి. లెక్క ఇలా వేసుకోండి: లీటరు నీళ్ళు మరగడానికి సుమారు 15 గ్రాముల గ్యాస్. పొద్దున టీ, ఉప్మా, రాత్రి అన్నం, చారు కలిపి రోజుకు 4 లీటర్లు మరిగించినంత పని, అంటే 60 గ్రాములు. ఆరు రోజులకు 360. గాలికి వృథా అయ్యేది కలుపుకుని ఒక 450 గ్రాముల డబ్బా, ఒక 230 గ్రాములది.

అన్నానికి గ్యాస్ ఆదా చేసే పద్ధతి: ముగ్గురికి 300 గ్రాముల సన్నబియ్యం కడిగి అరగంట నానబెట్టండి. 600 మిల్లీలీటర్ల ఎసరు పోసి మూత పెట్టి పొంగు రానివ్వండి, తర్వాత సన్నటి సెగ మీద ఆరేడు నిమిషాలు. ఆర్పేసి, మూత తీయకుండా గిన్నెను మందపాటి తువ్వాల్లో చుట్టి పావుగంట పక్కన పెట్టండి. మిగతా ఉడుకు ఆ వేడిలోనే అయిపోతుంది, అడుగంటదు. వాన వచ్చినా సరే, పొయ్యి టెంటు లోపల వెలిగించకండి. గుడ్డ అంటుకోవడం ఒక భయమైతే, కార్బన్ మోనాక్సైడ్ ఇంకో భయం. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక్కడి నుంచి తీసుకెళ్ళాల్సినవి: నూనెలో పోపు పెట్టి వేయించిన ఉప్మా రవ్వ మనిషికి పూటకు 80 గ్రాముల లెక్కన, అటుకులు, కందిపొడి, చింతపండు, చారుపొడి, ఆవకాయ. ఆవకాయ నూనె విమానంలో పైకి తన్నుకొస్తుంది. డబ్బా నిండా పెట్టకుండా రెండు జిప్ కవర్లలో వేసి, గట్టి మూత డబ్బాలో పెట్టి చెక్‌ఇన్ లగేజీలో వేయండి. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు బ్రిటన్‌కు తీసుకెళ్ళకూడదు. అంటే నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఏవీ కుదరవు. నేతి సున్నుండలు కూడా ఇంట్లోనే వదిలేయండి. కరివేపాకు, పచ్చిమిర్చి గ్లాస్గోలో మనవాళ్ళ కొట్లలో కొనుక్కోవచ్చు. కూరగాయలు, పాలు, బ్రెడ్డు దారిలో ఫోర్ట్ విలియంలో నింపుకోండి. దీవిలో ఓ మాదిరి పెద్ద దుకాణాలు పోర్ట్రీ, బ్రాడ్‌ఫోర్డ్‌లలోనే. పల్లెల్లో ఆదివారం కొన్ని కొట్లు తెరవరు. క్యాంప్‌సైట్ కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు. వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా పైన గొర్రెలు తిరుగుతుంటాయి, మరిగించే తాగండి.

దారి: గ్లాస్గో నుంచి పోర్ట్రీ సుమారు 350 కిలోమీటర్లు, ఆగకుండా వెళ్తే 5 గంటలు, మీరు 7 గంటలు వేసుకోండి. వెళ్ళేటప్పుడు 1995లో కట్టిన స్కై వంతెన మీదుగా వెళ్ళండి, టోల్ లేదు. వచ్చేటప్పుడు ఆర్మడేల్ నుంచి మల్లేగ్‌కు కారుతో సహా ఫెర్రీ ఎక్కి రావచ్చు, కాకపోతే ముందే బుక్ చేసుకోవాలి. మన లైసెన్సుతో అక్కడ 12 నెలలదాకా నడపొచ్చు, ఎడమ పక్కనే నడపడం కాబట్టి తికమక ఉండదు. అబ్బాయి వయసు మాత్రం చూసుకోండి. చాలా అద్దె కార్ల సంస్థలు 23 లేదా 25 దాటాలంటాయి.

అలవాటు లేనిది ఒక్క కారు మాత్రమే పట్టే రోడ్డు. కొంత దూరానికొకటి ‘పాసింగ్ ప్లేస్’ అని రోడ్డు కాస్త ఉబ్బినట్టు వెడల్పు చేసి, పక్కన పలక పెడతారు. ఎదురుగా బండి కనిపించగానే, మీకు దగ్గరి జాగా ఎడమ పక్కన ఉంటే అందులోకి దిగి ఆగండి. అది కుడి పక్కన ఉంటే అందులోకి దూరకండి. దాని ఎదురుగా మీ లైన్లోనే ఆగండి, అవతలి బండి ఆ ఉబ్బులోంచి తిరిగి వెళ్ళిపోతుంది. దాటుతూ చెయ్యెత్తడం అక్కడి మర్యాద. వెనక స్థానికులు తొందరలో ఉంటే వాళ్ళకూ దారి ఇవ్వాలి. ఫొటో కోసం అందులో కారు ఆపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆ రోడ్డు మీదే అంబులెన్సు రావాలి. గొర్రెపిల్ల రోడ్డుకు ఒక పక్క, తల్లి ఇంకో పక్క కనిపిస్తే పూర్తిగా ఆపండి, పిల్ల కచ్చితంగా అడ్డంగా పరుగెడుతుంది.

మీవారి మోకాళ్ళ దృష్ట్యా చూడాల్సినవి. కిల్ట్ రాక్ అనే సముద్రపు కొండచరియ, కారు దిగగానే చూడొచ్చు. డన్‌వెగన్ దగ్గర కోరల్ బీచ్, రానూపోనూ 4 కిలోమీటర్ల లోపు, దాదాపు చదును దారి. పేరు కోరల్ అయినా ఆ తెల్లటి ఇసుక పగడం కాదు, సున్నం పట్టి గట్టిపడిన సముద్రపు నాచు. గుప్పెట్లోకి తీసుకుని చూస్తే సన్నటి కొమ్మల ముక్కలు కనిపిస్తాయి. ఎల్గోల్ నుంచి పడవలో లాక్ కొరుయిస్క్ అనే సరస్సుకు వెళ్తే నడక పెద్దగా లేకుండానే కూలిన్ కొండల ఒడిలోకి చేరుకుంటారు. నాకైతే స్కైలో అన్నిటికంటే గొప్ప దృశ్యం అదే. క్విరైంగ్ అనే కొండచరియల దారిలో మొదటి కిలోమీటరు నడిచి వెనక్కి వచ్చేయొచ్చు. ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ అనే రాతి స్తంభం దగ్గరికి రానూపోనూ 4 కిలోమీటర్లే అయినా దాదాపు 300 మీటర్ల ఎత్తు. మోకాళ్ళకు దెబ్బ ఎక్కేటప్పుడు కాదు, ఆ రాతి మెట్లు దిగేటప్పుడు. రెండు చేతికర్రలు ఉంటే సగందాకా ప్రయత్నించొచ్చు. నైస్ట్ పాయింట్‌లో పై నుంచే లైట్‌హౌస్ చూసి వచ్చేయండి, మెట్లు నిటారుగా ఉంటాయి.

స్టోర్, క్విరైంగ్ దగ్గర ఆ నల్లరాయిని కాస్త ఆగి చూడండి. వికారాబాద్ కొండల కింద ఉన్న మన దక్కన్ రాయి జాతే అది, లావా పొరలు పొరలుగా గడ్డకట్టిన బసాల్టు. మనది సుమారు 6.6 కోట్ల ఏళ్ళది, వాళ్ళది సుమారు 6 కోట్ల ఏళ్ళది. అక్కడ ఆ బరువంతా జురాసిక్ కాలపు మెత్తటి పొరల మీద పడటంతో కింద నేల ఓర్చుకోలేక కొండ అంచు జారిపోయింది. ఆ విచిత్రమైన స్తంభాలన్నీ జారిన ముక్కలే. క్విరైంగ్ దగ్గర ఇప్పటికీ నేల కదులుతోంది, కింద ఫ్లోడిగారీ దగ్గర రోడ్డును మాటిమాటికీ బాగుచేస్తుంటారు. అందుకే బాట వదిలి వదులు రాళ్ళ మీదికి వెళ్ళకండి. బసాల్టు తడిస్తే సబ్బులా జారుతుంది కూడా.

గడ్డిలో, ఫెర్న్ పొదల్లో గోమార్లు (ఇంగ్లిషులో టిక్) ఉంటాయి. వాటి వల్ల లైమ్ జబ్బు రావచ్చు. రోజూ పడుకునే ముందు మోకాళ్ళ వెనక, చంకలు, నడుం పట్టీ దగ్గర ఒకరినొకరు చూసుకోండి. పట్టుకుని ఉంటే నూనె రాయడం, కాల్చడం చేయకుండా, టిక్ రిమూవర్‌తో చర్మానికి ఆనించి పీకేయాలి. తర్వాతి వారాల్లో ఎర్రటి వలయంలా దద్దు వస్తే హైదరాబాద్ వచ్చేశాక అయినా సరే, డాక్టరుకు ‘స్కాట్లాండ్‌లో టిక్ కుట్టింది’ అని చెప్పి చూపించండి. ఇక్కడి డాక్టర్లకు ఆ జబ్బు మామూలుగా గుర్తుకు రాదు.

ఫోను సిగ్నలు చాలాచోట్ల ఉండదు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ప్రమాదమైతే 999కి చేసి, కొండ మీద అయితే ముందు ‘పోలీస్’, తర్వాత ‘మౌంటెన్ రెస్క్యూ’ అని అడగాలి. సిగ్నలు బలహీనంగా ఉన్నప్పుడు ఎసెమ్మెస్ పనిచేస్తుంది, దానికి అబ్బాయి ఫోను నుంచి 999కి ‘రిజిస్టర్’ అని ఇంగ్లిషులో మెసేజి పంపి ముందే నమోదు చేయించండి.

తిరిగి గ్లాస్గో చేరిన రోజే టెంటు సంచిలోంచి తీసి, గదిలోనైనా సరే తలుపుల మీద పరిచి పూర్తిగా ఆరబెట్టమనండి. రెండు రోజులు తడిగా మడిచి ఉంచితే బూజు పట్టి, లోపలి వాటర్‌ప్రూఫ్ పూత జిగురుజిగురుగా ఊడిపోతుంది.